చింతగింజంత సందు

ఓబులేశు రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరు. కొన్నాళ్లుగా ఇంజనెక్కడం లేదు. జ్వరమని సెలవు పెట్టాడు. జ్వరం లేదు. రేపు పొద్దున సెలవు అయిపోతుంది. డ్యూటీలో చేరాలి, లేదా ఇంజన్ వద్దు, ఆఫీసులో ఏదైనా పని ఇప్పించండని అడగాలి. రెండింటిలో ఏదీ చేయలేక గుత్తిలో మొహిద్దీన్ సాహెబ్ ఇంటికి వచ్చాడు.

మొహిద్దీన్ సాహెబ్ కుట్టుమిషన్లు, గోడ గడియారాలు బాగుచేస్తాడు. శుక్రవారం సాయంత్రం ఆయన దగ్గరికి కొందరు వచ్చి కూర్చుంటారు. ప్రసంగమేమీ ఉండదు. ఎవరైనా ఏదైనా అడిగితే చెబుతాడు. చాలాసార్లు చెప్పడు. ముస్లింలు హజ్రత్ అంటారు, హిందువులు స్వామీ అంటారు. ఆయన భార్య హుసేన్‌బీ మాత్రం ఏమీ అనదు, నేరుగా తిట్టడం మొదలుపెడుతుంది.

ఓబులేశు వచ్చింది శుక్రవారం కాదు. మధ్యాహ్నం. సాహెబ్ ఒక్కడే ఉన్నాడు.

"స్వామీ, తాయెత్తు కట్టండి."

"దేనికి?"

"భయానికి."

"ఎవరంటే భయం?"

"నేనంటేనే."

సాహెబ్ చేతిలోని గడియారం పక్కన పెట్టాడు.

ఓబులేశు చెప్పాడు. ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యి చాచి దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు కూడా చూసి అదే మాట తిరిగి అనాలి. ఒకరి కన్ను పొరబడినా రెండోవారి కన్ను పొరబడకూడదని ఆ ఏర్పాటు. ఆ రోజు ఓబులేశు "గ్రీన్" అన్నాడు. డ్రైవర్ తిమ్మప్ప "గ్రీన్" అన్నాడు. బండి సిగ్నల్ దాటింది. దాటాక ఓబులేశుకు అనుమానం వచ్చింది. నిజంగా గ్రీనేనా? కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు.

వెనక నుంచి సిగ్నల్‌కు రంగు ఉండదు. నల్లరేకు కనబడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా చూస్తూనే ఉన్నాడు.

ఈలోగా తర్వాతి సిగ్నల్ వచ్చింది. పసుపు. తిమ్మప్ప ఒక్కడే "ఎల్లో" అన్నాడు, బ్రేకు వేసి బండిని తగ్గించుకున్నాడు. ఆ తర్వాతి ఎర్ర సిగ్నల్ దగ్గర బండి మామూలుగా ఆగింది. ఏమీ కాలేదు. పెట్టెల్లో ఎవరి టీ కూడా ఒలకలేదు.

"ఎల్లో చెప్పాల్సింది ఎవరప్పా?" అని మాత్రం అడిగాడు తిమ్మప్ప. పైవాళ్లకు చెప్పలేదు. చెప్పి తిట్టించి ఉంటే బాగుండేదని ఓబులేశుకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

అప్పటి నుంచి ఇంట్లో కూడా అదే వరస. తాళం వేసి వీధి చివరిదాకా పోయి, తిరిగొచ్చి తాళం లాగి చూస్తాడు. గ్యాస్ కట్టేసి పడుకుంటాడు, లేచి మళ్లీ కట్టేస్తాడు. కళ్లు మూస్తే ఎవరో రంగులు అరిచి చెబుతుంటారు. ఏ రంగో వినబడదు.

"బండి నిండా జనం స్వామీ. ఈసారి తిమ్మన్న కూడా చూడకపోతే?"

సాహెబ్ లేచి లోపలి గదిలోకి నడిచాడు. "రా. ఆ బల్ల మీది గుడ్డ తీయి."

గుడ్డ కింద రైలు ఉంది. మంచమంత చెక్క బల్ల, దాని అంచుల వెంబడి గుండ్రంగా తిరిగే పట్టాలు. పట్టాల మీద ఇంగ్లండులో ఒకప్పుడు తిరిగిన పాసింజరు బండికి బొమ్మ. ఆకుపచ్చ ఇంజన్, పొగగొట్టానికి రాగి పట్టీ. పెట్టెలు పైన మీగడ రంగు, కింద కాఫీ గింజ రంగు. భోజనాల పెట్టె కిటికీల్లో బియ్యపు గింజంత దీపాలు. సాహెబ్‌కు ఈ రైలు తన గురువు నుంచి వచ్చింది. ఆ గురువు దొరల కాలంలో లోకోషెడ్డులో ఫిట్టరు. అందరు గురువులూ శిష్యులకు జుబ్బా ఇచ్చిపోతారు, మా హజ్రత్ బండి ఇచ్చిపోయినాడు అని సాహెబ్ నవ్వుతుంటాడు.

"కొక్కేలు వంగిపోయినాయి. పెట్టెలు ఊడిపోతున్నాయి. సరిచేసి నడిపించు."

"స్వామీ, నేను వచ్చింది..."

"తెలుసు. పట్టకారు ఆడుంది."

టీ తెచ్చిన హుసేన్‌బీ గుమ్మంలో ఆగి ఇద్దర్నీ చూసింది. "జీతమిచ్చే రైలు వద్దంట, జీతం లేని రైలు కావాలంట! బాగా కుదిరినారు గురువూ శిష్యుడూ" అని గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది.

ఓబులేశు కూర్చున్నాడు. పట్టకారు చేతిలోకి వచ్చేసరికి అతని వేళ్లు కాస్త స్థిమితపడ్డాయి. ఇది తనకు తెలిసిన పని. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది. నిజం బండిలో ఇలా ఉండదు. పెట్టెల చివర ఉండే బఫర్లు ఒకదానికొకటి ఆనుకోవాలి, లేకపోతే బండి కదిలినప్పుడూ ఆగినప్పుడూ కుదుపు. అతను ఒక్కో కొక్కేన్నీ లోపలికి వంచి పొట్టి చేశాడు. బఫర్లు బఫర్లకు తాకాయి. ఎక్కడా సందు లేదు. తల వంచి పక్క నుంచి చూశాడు. అచ్చం స్టేషన్లో నిలబడిన బండిలా ఉంది.

"ఇప్పుడు ఊడదు స్వామీ. మా బండ్లకు ఇట్లే బిగిస్తారు."

సాహెబ్ టీ తాగుతున్నాడు.

ఓబులేశు బల్ల అంచున బండికి కరెంటు వదిలే రెగ్యులేటర్ తిప్పాడు. ఇంజన్ కదిలింది. తిన్నటి దారిలో ఒక్క పెట్టె కూడా తొణక్కుండా నడిచింది. మలుపులో ఇంజన్ తిరిగింది, మొదటి పెట్టె తిరిగింది. దాని వెనక పెట్టె పట్టాల మీంచి పైకి లేచి పక్కకు పడింది. మిగిలినవన్నీ దానితోపాటు పడ్డాయి.

అతని ముఖం పాలిపోయింది. అది బొమ్మ రైలన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తులేదు.

పెట్టెలు ఎత్తి నిలబెట్టాడు. వేగం తగ్గించి నడిపాడు. మళ్లీ మలుపులోనే పడింది. బొటనవేలితో పట్టాలు తడిమి చూశాడు. ఎగుడుదిగుడు లేదు. చక్రాలు తుడిచాడు. ఇంకా నెమ్మదిగా, చీమ నడకన వదిలాడు. చీమ నడకనే పోయి పడింది. అరచేతుల చెమట చొక్కాకు తుడుచుకున్నాడు.

"నా చెయ్యే అట్లాంటిది స్వామీ. నేను ముట్టుకున్న బండి..."

సాహెబ్ గ్లాసు పెట్టి పట్టకారు తీసుకున్నాడు. ఒక్కో కొక్కేన్నీ బయటికి లాగి వంచాడు. తొందరలేదు. పని అయ్యాక పెట్టెకూ పెట్టెకూ మధ్య చింతగింజ పట్టేంత సందు మిగిలింది.

"మీ బండికి మలుపు తిరగడానికి ఊరు ఊరంతా ఉంటుంది" అన్నాడు. "ఇది మంచమంత చోట్లో తిరగాల."

ఓబులేశు రెగ్యులేటర్ తిప్పాడు. మలుపు వచ్చింది. లోపలి వైపు బఫర్లు దగ్గరపడ్డాయి, బయటి వైపువి దూరం జరిగాయి. పెట్టెలన్నీ వంగి తిరిగి, అవతల మళ్లీ తిన్నగా సర్దుకున్నాయి.

అతనికి మాత్రం ఆ సందులు నచ్చలేదు. వదులుగా ఉన్న కొక్కేలు ఎక్కడ జారతాయోనని మెడ సారించి చూస్తున్నాడు. ఇంజన్ మలుపు దాటగానే అతని చూపు వెనక్కి పోతోంది. చివరి పెట్టె వచ్చిందా? వచ్చింది. వచ్చిందనుకున్నానా, నిజంగా వచ్చిందా? ఇంకో చుట్టు. మళ్లీ వెనక్కి. రెగ్యులేటర్ మీది చెయ్యి బిగుసుకుపోయింది.

టప్పున చప్పుడైంది.

తల తిప్పి చూశాడు. సాహెబ్ అరచెయ్యి పట్టాల మీద నిలువుగా ఉంది. ఇంజన్ దానికి తగిలి ఆగిపోయి, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. ఓబులేశు గబగబా రెగ్యులేటర్ కట్టేశాడు.

"చెయ్యి ఎప్పుడు పెట్టినారు స్వామీ?"

"నీ ముందరే పెట్టినానప్పా."

సాహెబ్ అరచేతిలో ఇంజన్ ముక్కు దిగిన గుర్తు ఎర్రగా ఉంది. ఓబులేశు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఒక్కసారిగా గట్టిగా అడిగాడు.

"చూడకుండా ఎట్లా స్వామీ? జనమంతా వెనకనే కదా ఉండేది! నేను ముందుకే చూస్తా కూర్చుంటే వెనక ఏమన్నా అయితే?"

సాహెబ్ చివరి పెట్టెను కొక్కెం తప్పించి పైకి తీశాడు. ఓబులేశు కళ్ల దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు. ఆ పెట్టె చివరి కిటికీలో వేలిగోరంత మనిషి ఉన్నాడు. ముఖం రంగు ఎప్పుడో చెరిగిపోయింది. టోపీ ఉంది. చేతిలో ఆవగింజంత పచ్చజెండా ఉంది.

"ఈయనెవరు?"

"గార్డు."

"ఏం చేస్తాడు?"

ఓబులేశు ఆ పచ్చజెండా వంక చూశాడు. "వెనక చూసుకుంటాడు" అన్నాడు.

"మీ బండికి ఉన్నాడా?"

"ఉంటాడు స్వామీ. ఆయన లేందే బండి కదలదు."

"అట్లయితే ఆయన పని ఆయన్ను చేయనీ."

సాహెబ్ పెట్టెను మళ్లీ పట్టాల మీద పెట్టి, కొక్కెం తగిలించి, పక్కకు జరిగాడు.

ఓబులేశు రెగ్యులేటర్ మీద చెయ్యి వేశాడు. బండి కదిలింది. ఇంజన్ మలుపులోకి వెళ్లింది. అతని మెడ నరాలు లాగాయి. తల తిప్పలేదు. ఇంజన్ ముందున్న పట్టాలనే చూస్తున్నాడు. వెనక నుంచి పట్టాల అతుకు మీద పెట్టెలు ఒక్కొక్కటే దాటే టకటక వినిపించింది. చప్పుడు ఆగింది. అన్నీ వచ్చినట్టేనా? తల తిప్పలేదు. ఇంకో చుట్టు తిరిగింది. వీపున చొక్కా తడిసిపోయింది.

హుసేన్‌బీ ఖాళీ గ్లాసులకు వచ్చి, ఏదో అనబోయి, అతని ముఖం చూసి అనకుండానే తీసుకుపోయింది.

బండిని నెమ్మదిగా ఆపి, ఓబులేశు జేబులోంచి ఫోను తీశాడు. "తిమ్మన్నా, రేపు పొద్దున వస్తా ఉన్నా" అన్నాడు. అటు నుంచి ఏం విన్నాడో గాని, "ఊ" అని పెట్టేశాడు. ఫోను జేబులో పెట్టాడు. మళ్లీ తీసి, నిజంగా పెట్టేశానా అని చూసుకున్నాడు.

సాహెబ్ అది చూశాడు.

"భయం పోయిందా?"

"లేదు స్వామీ."

"మంచిది" అన్నాడు సాహెబ్, గుడ్డ విదిలించి రైలు మీద కప్పుతూ. "భయం లేనోడు ఇంజన్లో ఉంటే, ఆ బండి నేనెక్కను."