వకుళ వదులుకున్న పాఠాలు

ఒంగోలు దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో వకుళ అనే చరిత్ర లెక్చరర్ ఉండేది; ఎదుటివాళ్లు కాస్త ముఖం చిట్లిస్తే చాలు, ఆమె వెనక్కి తగ్గేది.

విద్యార్థినులు ఎన్నో ఏళ్లు అడగగా అడగగా ఆ కాలేజీలో మహిళా అధ్యయనం కోర్సు మొదలైంది. దాన్ని నడిపే పని వకుళకే అప్పగించారు. ఆ రోజు నుంచి ఆమెకు బెంగ పట్టుకుంది. ప్రిన్సిపాల్ గది వైపు నుంచి అటెండరు వస్తుంటే చాలు, కోర్సు ఎత్తేశారని చెప్పడానికే వస్తున్నాడేమో అనుకునేది.

ముందు ఆడవాళ్ల ఆస్తిహక్కు పాఠం మీద యాజమాన్యంలో ఒకాయన విసుక్కున్నాడు. వకుళ ఆ పాఠం తీసేసింది. తర్వాత, విద్యార్థినులను పొగాకు గోడౌన్లకు తీసుకెళ్లి ఆడకూలీలతో మాట్లాడించాలనుకుంది. ఊళ్లో పెద్దలకు నచ్చదని ప్రిన్సిపాల్ సోమయాజులు అన్నాడు. అదీ మానుకుంది. ఇంట్లో ఆడవాళ్లు తినే దెబ్బల గురించిన పాఠం మీద ఎవరూ ఏమీ అనలేదు. అంటారేమోనని తనే తీసేసింది. వాటి బదులు కుట్లు, అల్లికలు, గొప్పవాళ్ల తల్లుల కథలు చేర్చింది.

"పోనీలే, కోర్సు నిలిచింది కదా" అని తనకు తనే సర్దిచెప్పుకునేది. అయినా బెంగ తీరలేదు.

ఏడాది చివర, కోర్సును కొనసాగించాలో వద్దో తేల్చడానికి విశ్వవిద్యాలయం నుంచి కొందరు వచ్చారు. వాళ్లలో పెద్దావిడైన ఒక ప్రొఫెసరు, ఏం నేర్చుకున్నారని విద్యార్థినులను అడిగింది. ఒకరిద్దరు కుట్లు, అల్లికలు అన్నారు. చివరికి షమీమ్ అనే అమ్మాయి లేచింది.

"మా అమ్మ పొగాకు గోడౌనులో పనిచేస్తుంది మేడమ్. మగవాళ్లతో సమానంగా చేసినా కూలి తక్కువే ఇస్తారు. ఎందుకో తెలుసుకుందామని ఈ కోర్సులో చేరాను. అది మాత్రం మాకు చెప్పలేదు."

అసలు పాఠాలే లేని కోర్సు ఎందుకని వచ్చినవాళ్లు తేల్చారు; కోర్సు రద్దయింది. ఇన్నాళ్లూ దేనికి భయపడిందో అదే జరిగింది.

వకుళ వారం పాటు ఎవరి ముఖమూ చూడలేకపోయింది. ఆ తర్వాత షమీమ్‌నూ మిగతా అమ్మాయిలనూ పిలిచి, కాలేజీ అయ్యాక వరండాలో కూర్చోబెట్టి, తను తీసేసిన పాఠాలన్నీ మొదలుపెట్టింది. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఇవి వెంటనే ఆపమన్నాడు. వకుళ ఈసారి వెనక్కి తగ్గలేదు.

"ఆపను సార్" అంది.

పాఠాలు ఆగలేదు; వరండాకు వచ్చే అమ్మాయిల సంఖ్య పెరిగింది. కొన్నేళ్లకు, ఆ సంగతి విశ్వవిద్యాలయం దాకా వెళ్లి, కోర్సు మళ్లీ వచ్చింది. ఈసారి పాఠాలన్నిటితోనూ వచ్చింది.

భయంతో ఒక్కొక్కటే వదులుకుంటూ పోతే, కాపాడుకోవడానికి చివరికి ఏమీ మిగలదు.