చుక్కి ఎడమ చెవి

జింక మెడ తోలు గీకుతుంటే పరాంకుశం చేతిలో కత్తి జారింది. అర్ధరూపాయి బిళ్ళంత చిల్లు పడింది.

"పోయింది, సాయిబు గారూ!" అన్నాడు ఏడుపుమొహం పెట్టి.

నేనూ, పరాంకుశమూ విశాఖపట్నంలో బీఎస్సీ జువాలజీ చదివే రోజులవి. చచ్చిన జంతువుల తోళ్ళు పదును చేసి, గడ్డి బొమ్మలకు తొడిగి, బతికున్నట్టు నిలబెట్టడం మా కాలేజీ మ్యూజియంలో ఇమాం సాయిబు పని. వేసవి సెలవుల్లో పరాంకుశం ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. వాళ్ళది ఆచారమున్న ఇల్లు. సాయంత్రం బావి దగ్గర నిలబెట్టి నాలుగు బిందెలు గుమ్మరిస్తే గానీ వాళ్ళ నాయనమ్మ లోపలికి రానిచ్చేది కాదు. ఆవిడ పులిహోర గురించి మొదలుపెడితే ఇంకో పేజీ పడుతుంది, వదిలేస్తాను.

జింకల పార్కులో ఒక ముసలి చుక్కల జింక జబ్బుచేసి పోతే కాలేజీకి ఇచ్చారు. సాయిబు మొట్టమొదటిసారి పనంతా పరాంకుశానికి అప్పగించాడు. తలా, మెడా వరకే.

"బాగా వస్తే అద్దాల బీరువాలో పెడదాం. రాకపోతే పూడ్చిపెడదాం," అని ముందే చెప్పాడు.

ఇప్పుడు చిల్లు వైపు చూసి, "పోలేదు. లోపలివైపు నుంచి కుట్టు, పంతులూ. బొచ్చు దారంలో ఇరుక్కోనీకు," అన్నాడు.

పరాంకుశం కుట్టాడు. చెవులు సంచుల్లా తిరగేసి ఉప్పు పట్టించాడు. పటిక నీళ్ళలో నానబెట్టాడు. నూనె రాసి, చెక్క అంచు మీద అటూ ఇటూ లాగి మెత్తబరిచాడు. బయటినుంచి ఎంత వెతికినా ఆ కుట్టు నాకు దొరకలేదు.

దాంతో వాడికి కుట్టు మీద మోజు పుట్టింది. జింక ఎడమ చెవికి ఎప్పటిదో చీలిక ఉంది. దాని అంచులు సన్నగా కత్తిరించి, అదీ కుట్టేశాడు.

"ఒక్క వంక దొరకదు చూడండి," అన్నాడు.

సాయిబు చూశాడు. బీడీ వెలిగించుకుని, పార్కుకి కబురు పంపాడు.

గాజు కళ్ళు పెట్టి తలను గోడకి తగిలించిన రోజున నూకాలు వచ్చింది. పార్కులో జింకలకు మేత వేసే మనిషి. చెప్పులు బయట విడిచి, కొంగు ముడి పట్టుకుని నిలబడింది.

"సానా బాగుందండి, బావూ," అంది. తర్వాత గది నాలుగు మూలలా చూసింది. "మరి మా చుక్కి ఏదండి?"

"అదే ఇది," అన్నాడు పరాంకుశం.

"కాదండి. నానెరగనా? అది పాలు తాగినప్పుడే కంచె తీగలో సెవి సిరిగిపోనాది. నానే పసుపు రాసినాను."

సాయిబు లేచి, జింక మెడ మీద వేలితో నిమిరాడు.

"ఈ చిల్లు నువ్వు చేశావు. నువ్వే కుట్టావు. బాగుంది." వేలు పైకి, చెవి మీదికి పోనిచ్చాడు. "మరి ఇది?"

చిన్న కత్తెర తీసి వాడి చేతికిచ్చాడు.

పరాంకుశం స్టూలెక్కి ఒక్కో కుట్టూ తెంపాడు. ఏడు కుట్లు. తోలు ఇంకా పూర్తిగా ఆరలేదు. చీలిక మెల్లగా విచ్చుకుంది.

"ఓలమ్మ, దొంగమొకమా! ఈడున్నావేటే!"

నూకాలు కొంగు ముడి విప్పింది. గుప్పెడు ఈతపళ్ళు. అలవాటు కొద్దీ ఆ మూతి కింద అరచెయ్యి చాచి నిలబడింది.

సాయిబు బీడీ ఆర్పేసి, "పంతులూ, అద్దాల బీరువా తాళం తీసుకురా," అన్నాడు.