సున్నపు గీతల ఊరు

బాచనకు ఆ ఉదయం కాలు ఒక చోట నిలవడం లేదు. కొత్త రాజధాని కట్టే పని రాజుగారు అతనికి అప్పగించారు. ఏటి ఒడ్డున ఉన్న మైదానమంతా సున్నంతో గీతలు గీయించి, ఊరు ఊరంతా నేల మీద పరిచేశాడు. వీధులూ, ఇళ్ళూ, అంగళ్ళూ అన్నీ అసలు కొలతల్లోనే. పొద్దెక్కాక రాజుగారు వచ్చి మొదటి రాయి వేస్తారు. ఆ రాయి పడిందంటే ఇక గీత మారదు.

ఇంత జరిగినా బాచనకు ఒక వెలితి ఉండిపోయింది. గురువుగారు ఇంకా చూడలేదు. బాగుందని ఒక్క మాట అనలేదు.

అందుకని తెల్లవారకముందే వెళ్ళి ప్రోలయ్య గురువుని లాక్కొచ్చినంత పని చేశాడు. తోటి శిష్యులు కూడా వెంట వచ్చారు. ఊళ్ళు కట్టే విద్య బాచనకు నేర్పింది ఈ ముసలాయనే. విద్య ఇవ్వడంలో ఉదారుడే గానీ, పొగడ్త దగ్గర మహా పిసినారి.

మైదానం అప్పటికే తిరునాళ్ళలా ఉంది. ఊరు కట్టడానికి వచ్చిన తాపీవాళ్ళూ, వడ్రంగులూ, వాళ్ళ పెళ్ళాం బిడ్డలూ ఎవరికి రాసిపెట్టిన గీతల్లోకి వాళ్ళు చేరిపోయారు. గోడలు లేని ఇంట్లో ఒకామె పొయ్యి కూడా వెలిగించింది. పక్కింటావిడ లేని గుమ్మం దగ్గర ఆగి, రావచ్చా అని అడిగి మరీ లోపలికి వస్తోంది. మొన్నమొన్నటిదాకా తుమ్మ తుప్పలున్న చోట ఇంత సందడి చూస్తే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది.

బాచన గురువుగారిని వీధి వీధీ తిప్పాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"తూర్పు వాకిలి ఊరేగింపులకండీ. రాజుగారైనా, పెళ్ళివారైనా అటే. ఉత్తరం వాకిలి ధాన్యం బళ్ళకి. పడమర బట్టల అంగళ్ళు, మిఠాయి అంగళ్ళు. ఎవరి దారి వాళ్ళది, ఒకరికొకరు అడ్డం రారు."

"దక్షిణాన?"

"రాజుగారి పూలతోట. కోటగోడ దాకా తోటే. గోడ అవతల ఏరు." బాచన చేతులు కట్టుకున్నాడు. "ఏమైనా మరిచిపోయానా, గురువుగారూ?"

ఏమీ మరిచిపోలేదని వింటానన్న ధీమా అతని ముఖం నిండా ఉంది.

ప్రోలయ్య చుట్టూ చూశారు. పక్కన కూలీల వెదురు నిచ్చెన ఒకటి పడి ఉంది. దాని మీద వెల్లకిలా పడుకుని, పైపంచె గడ్డం దాకా లాక్కున్నారు.

"నేను పోయాను," అన్నారు. "ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి దహనం చెయ్యండి. గీతలు తొక్కకండి, అవి గోడలు."

కళ్ళు మూసేసుకున్నారు.

బాచన నవ్వాడు. గురువుగారు కదల్లేదు. తోటి శిష్యులకు ఇలాంటి సరదా దొరకడమే గొప్ప. నలుగురు నిచ్చెనను భుజాలకెత్తుకున్నారు. సూరి అనే కుర్రశిష్యుడు పొయ్యి వెలిగించినామె దగ్గర ఓ కుండ అడిగి తెచ్చి, నిప్పుకుండ పట్టుకున్నట్టు ముందు నడిచాడు. బాచన పాడె పక్కనే దారి చూపిస్తూ బయల్దేరాడు.

తూర్పు వాకిలి దగ్గర ఒక తాపీమేస్త్రీ కర్ర అడ్డం పెట్టాడు. "పెళ్ళివారు వచ్చే దారండీ ఇది. పీనుగ ఎదురైతే ఎట్లా?"

ఉత్తరం వాకిలి దగ్గర ధాన్యం కొట్లవాళ్ళు వినిపించుకోనే లేదు. "తినే గింజల మధ్యకి శవాన్ని తెస్తారా? నడవండి, నడవండి."

పడమరకు తిరిగారు. అక్కడ సున్నపు గీతల మధ్య ఒకావిడ నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. "మా గుమ్మం ముందు నుంచా? నిన్ననే కదా నాయనా ఇంట్లో దిగాం."

జనం విరగబడి నవ్వారు. మైదానమంతా పాడె వెనకే పరుగెడుతోంది. ఈ సందులోంచి పొండని ఒకరు, ఆ మలుపు తిరగండని ఒకరు కేకలు. మోసేవాళ్ళ చొక్కాల్లేని ఒళ్ళు చెమటతో తడిసిపోయాయి. బాచన ముఖంలో నవ్వు మాత్రం ఎప్పుడో ఎండిపోయింది.

చివరికి దక్షిణాన పూలతోట గీత దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఎదురుగా ఏరు తళతళలాడుతోంది. అక్కడికి వెళ్ళే దారే లేదు.

సరిగ్గా అప్పుడే శంఖం మోగింది. రాజుగారు మంత్రితో కలిసి వచ్చారు. పాడెను చూసి గుర్రం దిగి, చెప్పులు విడిచారు. జనం గప్‌చిప్ అయ్యారు.

"ఎవరు పోయారు?" అన్నారు రాజుగారు.

ఆట అని చెబితే చాలు. అందరూ నవ్వుకుంటారు, మొదటి రాయి పడిపోతుంది, బాచన పేరు నిలిచిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"దించండి," అన్నాడు మోసేవాళ్ళతో.

వల్లకాటికి వెళ్ళే దారిలో పాడెను ఒకసారి దించుతారు. దింపుడు కళ్ళం అంటారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు, ఏమో, లేస్తారేమోనని. బాచన మోకాళ్ళ మీద కూర్చుని వంగాడు.

"గురువుగారూ."

పలకలేదు.

"గురువుగారూ."

రెప్ప కూడా కదల్లేదు. ఒకవేళ నిజంగానే పోతే? తనకు అక్షరం నేర్పిన మనిషిని సాగనంపడానికి తను గీసిన ఊళ్ళో జానెడు దారి లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎటు తీసుకెళ్తున్నారు?" రాజుగారు మళ్ళీ అడిగారు.

"ఎటూ లేదు ప్రభూ. అన్నిటికీ దారులు పెట్టాను, దీనికి పెట్టలేదు. తప్పు నాదే."

"ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు మంత్రి.

బాచన లేచాడు. రాజుగారి పూలతోట గీత మీద కాలు పెట్టి చెరిపాడు. తోట మధ్యగా నడుస్తూ, అడ్డం వచ్చిన గీతనల్లా చెరుపుకుంటూ, కోటగోడ గీత దాకా వెళ్ళి అదీ చెరిపాడు. పాడె పట్టేంత వెడల్పున ఏటిదాకా దారి తెరుచుకుంది. మోకాళ్ళ దాకా సున్నంతో వెనక్కి వచ్చి, ఏ శిక్షకైనా సిద్ధమన్నట్టు నిలబడ్డాడు.

రాజుగారు రెండుగా చీలిన తన తోటను చూశారు. పాడెను చూశారు. పక్కకు జరిగి దారిచ్చారు.

బాచన మళ్ళీ చెవి దగ్గర వంగాడు.

"గురువుగారూ."

ప్రోలయ్య కళ్ళు తెరిచారు.

"ఇక ఈ ఊళ్ళో బతకొచ్చు," అన్నారు.