రెండో బంతి

హేమసుందర్ దగ్గర టెన్నిస్ నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. మిగిలింది ఒక్క సంహిత. ఆ పిల్ల మా సర్పంచ్ మనవరాలు. ఇంట్లో ఉంటే తాతగారి ఉపన్యాసాలు వినాలి కాబట్టి ఇంకా వస్తోంది.

"నెలాఖరుకి కోర్టు మూసేస్తాను స్వామీ. ఆట తప్ప నాకు ఇంకేమీ రాదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచడం లేదు," అన్నాడు హేమసుందర్.

అతను దేశదేశాలు తిరిగి ఆడినవాడు. మోకాలు మొరాయించాక పోటీలు వదిలేసి మా ఊరి పొలిమేరలో కోర్టు పెట్టాడు. కోర్టు పెట్టారని విని సర్పంచ్ తన గట్టు తగాదా చెప్పుకోవడానికి వెళ్లాడు. అంతా చెప్పుకున్నాక గానీ మధ్యలో వల ఎందుకు కట్టారని అడగలేదు.

స్వామి అంటే మా మఠంలోని మౌనస్వామి. పేరు అలాంటిదే గానీ, చారులో ఉప్పు తగ్గితే ఆయన గొంతు బస్టాండు దాకా వినబడుతుంది. హేమసుందర్ ఈమధ్యే ఆయన శిష్యుడయ్యాడు. ధ్యానంలో కూడా అందరికంటే ముందు కళ్లు మూసుకునేవాడు.

"పిల్లలు ఎందుకు మానేశారు?" అన్నారు స్వామి.

"ఓర్పు లేదు స్వామీ. నా సర్వీసంటే పెద్ద పెద్ద ఆటగాళ్లే జంకేవారు. రాకెట్ ఎత్తేలోపు బంతి వాళ్లను దాటిపోయేది. అదే సర్వీసు వీళ్లకి రోజూ వేస్తున్నాను. ఒక్కరూ తిప్పి కొట్టరు."

"మరి తగ్గించి వెయ్యలేదా?"

"తగ్గిస్తే ఆటకి అవమానం కాదా స్వామీ?"

స్వామి కళ్లు మూసుకున్నారు. ఆయన అలా కళ్లు మూసుకుంటే భోజనాల వేళ అయిందని మా అందరికీ తెలుసు.

"మొదటి బంతి లేచింది. రెండో బంతికి వడ్డించే మనుషులు తక్కువున్నారు. వెళ్లి సర్వీసు చెయ్యి," అన్నారు.

బంతి, సర్వీసు, రెండూ తన మాటలే. హేమసుందర్ ఉత్సాహంగా పులుసు బకెట్టు అందుకున్నాడు.

వరస ఈ చివర నుంచి ఆ చివరకి రెప్పపాటులో వెళ్లాడు. పోస్టుమాస్టర్ వీరభద్రంగారు అన్నంలో గుంట చేసుకునేలోపే పులుసు వచ్చి పంచె మీద పడింది. ఆ పంచె ఉతికి చాలాకాలమైంది కాబట్టి పెద్ద నష్టం లేదు. చిట్టెమ్మత్త 'చాలు' అనే అలవాటు లేని మనిషి. ఆవిడ "ఇంకాస్త" అని తలెత్తేసరికి అక్కడ ఎవరూ లేరు.

"అయిపోయింది స్వామీ," అన్నాడు హేమసుందర్ ఆయాసపడుతూ.

"చూశాను. కూర్చో. దాహంగా ఉందా?"

"ముందు మజ్జిగ పొయ్యండి స్వామీ."

అతను చివరి విస్తరి ముందు కూర్చుని దోసిలి పట్టాడు. స్వామి నిలువెత్తున చెంబు పైకెత్తి, ఉన్న మజ్జిగంతా ఒక్కసారిగా కుమ్మరించారు. చొక్కా తడిసింది. స్వామి చెంబు మళ్లీ నింపుకొచ్చి మళ్లీ అలాగే కుమ్మరించారు.

బంతిలో అందరూ తినడం ఆపి చూస్తున్నారు. చిట్టెమ్మత్త మాత్రం చూస్తూనే తింటోంది.

"ఒక్క గుక్కయినా లోపలికి వెళ్లిందా నాయనా?" అంది.

"లేదండీ."

స్వామి మూడోసారి చెంబు ఎత్తారు.

"మెల్లగా స్వామీ," అన్నాడు హేమసుందర్, గడ్డం తుడుచుకుంటూ. "నేను అందుకోవాలి కదా."

"అందుకోవాలా? తగ్గించి పోస్తే మజ్జిగకి అవమానమేమో అనుకున్నాను," అన్నారు స్వామి.

హేమసుందర్ లేచాడు. తడి చొక్కాతోనే బకెట్టు తీసుకుని చిట్టెమ్మత్త విస్తరి ముందుకు వెళ్లాడు. మోకాలు ఒప్పుకోకపోయినా వంగి, ఆవిడ గుంట చేసుకునేదాకా ఆగాడు. ఆవిడ గుంట చెరువంత చేస్తుంది. అయినా ఆగాడు.

ఆ రోజు రెండో బంతి లేచేసరికి పొద్దు వాలింది. మూడో బంతికి కాచుకున్నవాళ్లు స్వామిని ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాడు సంహిత కొట్టిన బంతి మొదటిసారి వల దాటి తిరిగొచ్చింది. హేమసుందర్ దాన్ని కొట్టకుండా చూస్తూ నిలబడిపోయాడట.

"పాయింటు నాదేనా సార్?"

"నీదేనమ్మా," అన్నాడు అతను. "ఇంకోటి వెయ్యనా?"