అడుగుచెక్క మీద లేడి

"వ... వ... వరాలూ!"

ఏటి గట్టు మీద నుంచి సింగన్న పిలిచాడు. నీటి అంచున బండ మీద కూర్చుని మేకతోలు గీకుతున్న పిల్ల తల తిప్పలేదు.

"వ... వ... వరా..."

పక్కనే తోళ్ళు ఆరబెడుతున్న గంగులు పడీ పడీ నవ్వాడు.

"ఒరే సింగన్నా! పిలిచేవాడికి పేరు నోట్లోంచి రాదు. వినాల్సిన దానికి చెవి వినపడదు. మీ ఇద్దరి మాటలూ అయ్యేసరికి ఏరు ఎండిపోతుందిరా!"

సింగన్న గట్టు దిగి వచ్చాడు. భుజాన ఉన్న మద్దెల దించాడు. వరాలు కూర్చున్న బండకు ఆనించి ధిమ్మని ఒక్క దెబ్బ వేశాడు. వరాలు చటుక్కున వెనక్కి తిరిగి నవ్వింది.

"గురువుగారు నిన్ను రమ్మన్నారు. లేడి బొమ్మ చేతికిచ్చి చూస్తారట" అని సింగన్న గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపాడు. గొంతు కలపకపోతే సింగన్నకు నత్తి రాదు. గొంతు లేకపోయినా వరాలుకు మాట అందుతుంది. అందుకే సింగన్న లోకంలో అందరితో మాట్లాడిన మాటలన్నీ ఒక ఎత్తు, వరాలుతో మాట్లాడినవి ఒక ఎత్తు.

ఇది నిన్నా మొన్నటి సంగతి కాదు పిల్లలూ. నెమళ్ళు కోటగోడల మీద కూర్చుని తెల్లవారడాన్ని పిలిచే కాలంలో, నెమలికోట అనే రాజ్యంలో జరిగింది.

ఆ రాజ్యంలో ఓబులయ్య గురువు తోలుబొమ్మల మేళం అంటే పేరు మోగిపోయేది. మేకతోలును వెలుగు కనపడేంత పల్చగా గీకి, రంగులద్ది బొమ్మలు చేసేవారు. తెల్లటి తెర కట్టి, వెనక దీపాలు పెట్టి, బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తే ఇవతల కూర్చున్నవాళ్ళ ముందు రంగురంగుల నీడ ప్రాణం పోసుకునేది. తెర వెనక నేల మీద పొడుగాటి నేరేడు చెక్క ఒకటి పరిచేవారు. దాన్ని అడుగుచెక్క అంటారు. ఆడించేవాడు దాని మీద నిలబడి, మడమతో తాళం తొక్కుతూ బొమ్మను ఆడిస్తాడు.

ఆ చెక్కకు ఒక కట్టుబాటు ఉంది. గురువు చెయ్యి పట్టి ఎక్కించాలి. తనంతట తాను ఎక్కినవాడు ఆ పూటే మేళం విడిచి వెళ్ళిపోవాలి.

ఓబులయ్య మేళంలో ఇంకో వింత ఉండేది. వేరే మేళాల్లో మద్దెల వాయించేవాడు చాప మీద కూర్చుంటాడు. ఇక్కడ మాత్రం మద్దెలతో సహా అడుగుచెక్క చివర కూర్చోవాలి. "ఎందుకండీ?" అని ఎవరైనా అడిగితే గురువు పలికేవాడు కాదు. అసలు ఎదురుగా నిలబడి మాట్లాడనివాళ్ళకు ఆయన ఎప్పుడూ జవాబు చెప్పడు. వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూడడు.

"అదీ గాంభీర్యం అంటే!" అనుకునేవారు జనం.

వరాలు తోళ్ళు గీకేవాళ్ళ పిల్ల. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవుల్లో శబ్దాన్ని మూట కట్టుకుని పోయింది. పెదవులు చూసి మాట పట్టుకోవడం ఆమె తనకు తానే నేర్చుకుంది. ఆమె కూడా వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడదు.

"మొద్దు పిల్ల" అనుకునేవారు అదే జనం.

ఆ మొద్దు పిల్ల గుండెల్లో ఒక లేడి ఉండేది. గురువు ఆడించే కథల్లో అడవిలేడి కథ ఆమెకు ప్రాణం. తల్లిలేడి పిల్లను వెతుక్కుంటూ వేటగాళ్ళ అడవి దాటి వెళుతుంది. ఆ లేడి మెడ తిప్పితే వరాలు మెడ తిరిగేది. అది నీళ్ళు తాగితే వరాలు దాహం తీరేది. తోలు గీకుతూ గీకుతూ ఎండలో తన చేతి నీడను బండ మీద లేడిని చేసి గెంతించేది. ఒక్కసారి ఆ బొమ్మ నా చేతుల్లో కదిలితే చాలు, ఆ తర్వాత ఏమైపోయినా ఫరవాలేదు అనుకునేది. పదిహేడేళ్ళ వయసులో కోరికలు అలాగే ఉంటాయి మరి.

ఆ రోజు తడి చేతులు పావడాకు తుడుచుకుని పరుగున వెళ్ళింది.

గురువు లేడి బొమ్మ చేతికిచ్చాడు. ఇసుకలో నిలబడమన్నాడు. ఆయన గుబురు మీసాల చాటున పెదవులు కనపడవు. సింగన్న పక్కన నిలబడి ప్రతి మాటా పెదవులతో అందించాడు.

"మద్దెల మోగుతుంది. లేడిని నడిపించు."

ఇసుకలో మద్దెల ఎలా తెలుస్తుంది? వరాలు సింగన్న చేతులు చూస్తూ బొమ్మను ఆడించబోయింది. చేతులు చూస్తే బొమ్మ తప్పింది. బొమ్మను చూస్తే తాళం తప్పింది. చివరికి లేడి ముందుకాళ్ళు రెండూ మెలిపడి, నడుస్తున్న లేడి కాస్తా సాష్టాంగపడింది.

గంగులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాగి వచ్చిన లేడిని ఇప్పుడే చూడటం!"

గురువు బొమ్మ తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. "చెవి లేనిచోట లయ ఉండదమ్మా. వెళ్ళు."

వరాలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు బండ మీద కూర్చుని ఉండగా ఆలోచన తట్టింది. సింగన్న పిలుపు నాకు చెవిలోంచి వస్తోందా? బండలోంచి వస్తోంది. బండలోంచి వచ్చేది చెక్కలోంచి రాదా?

మర్నాడు పొద్దున్నే మేళం సాధన చేస్తుంటే వరాలు తమ పెరటి తలుపు ఊడబీకి నెత్తిన పెట్టుకుని వచ్చింది. చూసినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

"ఏమే, ఇల్లు కూడా వెనకాలే వస్తోందా?" అన్నాడు గంగులు.

ఆమె ఆ తలుపును అడుగుచెక్క చివరకు ఆనించి పరిచింది. తలుపు తమదే కాబట్టి కట్టుబాటు తప్పినట్టు కాదు. దాని మీద ఒట్టి పాదాలతో నిలబడి, చేతులు జోడించి, "గురువుగారూ, ఇంకొక్కసారి" అంది. మాట కొంచెం వంకరగా వచ్చినా అందరికీ అర్థమైంది.

గురువు పెట్టెలోంచి లేడిని తీసి ఇచ్చాడు. సింగన్న మద్దెల అందుకున్నాడు. దెబ్బ నేరేడు చెక్కలోంచి పెరటి తలుపులోకి, తలుపులోంచి మడమల్లోకి, మడమల్లోంచి గుండెలోకి ఎక్కింది. పదేళ్ళ తర్వాత వరాలుకు సంగీతం తెలిసింది. పిల్లలూ, ఆ క్షణం ఆమె కళ్ళు ఎలా మెరిశాయో చెప్పాలంటే నా దగ్గర మాటలు లేవు. లేడి నడిచింది. ఆగింది. చెవులు రిక్కించింది. ఒక్క గెంతు గెంతి, వెనక్కి తిరిగి పిల్ల కోసం చూసింది. ఎగతాళి చేద్దామని తెరుచుకున్న గంగులు నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

గురువు లేడిని చూడలేదు. వరాలు పాదాలనే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి, ఎవరేమంటున్నారో అని అందరి పెదవుల వంకా వరసగా చూశాడు.

ఆ చూపు వరాలుకు తెలుసు. రోజూ తాను చూసే చూపే అది.

ఆమె ఉలిక్కిపడింది. ఆయన కూడా ఆమె ఉలికిపాటు చూశాడు. చూసి, కాలితో తలుపును పక్కకు నెట్టేశాడు.

"పెరటి తలుపుల మీద లేడి ఆడదు" అన్నాడు. "కావాలంటే దీపాలకు నూనె పోస్తూ ఉండు. అంతే."

సింగన్నకు కోపం వచ్చింది. "ఇదే... ఇదేం న్యా... న్యా..." మాట పూర్తయ్యేలోపే గురువు వెళ్ళిపోయాడు.

వరాలు అతని భుజం తట్టింది. తనకు తెలిసిన సంగతి అతనికి కూడా చెప్పలేదు. అలా చూసేవాళ్ళ బాధ అలా చూసేవాళ్ళకే తెలుస్తుంది. తలుపు మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

ఇలా ఉండగా నెమలికోట మహారాజుకు కూతురు పుట్టింది. కోట ముంగిట అడవిలేడి కథ ఆడమని కబురు వచ్చింది. మేళమంతా కదిలింది. వరాలు నూనె కూజా పట్టుకుని వెనకాల నడిచింది.

సాయంత్రం చీకటి పడగానే తెర వెలిగింది. ముందు వరసలో రాజు, రాణి, రాణి ఒడిలో పసిబిడ్డ కూర్చున్నారు. వెనక ఊరంతా ఉంది. గంగులు ఆడించిన హాస్యపు బొమ్మ చిలిపి మాటలకు జనం గొల్లున నవ్వారు. ఓబులయ్య గురువు ఉత్తరీయం వెనక్కి వేసుకుని చెక్క ఎక్కి లేడిని అందుకోగానే నవ్వులు ఆగిపోయాయి.

కథ మధ్యలో ఒక ఘట్టం ఉంది. వేటగాళ్ళ అలికిడికి లేడి కదలకుండా నిలబడుతుంది. అక్కడ మద్దెల మోగకూడదు. సింగన్న చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. చెక్క నిశ్శబ్దమైపోయింది. గురువు చూపంతా లేడి చెవుల కొసల మీదే ఉంది.

సరిగ్గా అప్పుడు ఒక గాలి విసురు వచ్చింది. గురువు వెనక వేలాడుతున్న దీపం ఊగింది. వత్తి నుంచి నిప్పురవ్వ రాలి ఉత్తరీయం అంచు మీద పడింది. అంచు రాజుకుంది.

"గురువుగారూ! వెనక చూడండి!" అని గంగులు అరిచాడు.

గురువు కదలలేదు.

"గురువుగారూ! నిప్పు! నిప్పు!" అని మేళమంతా గొంతులు చించుకుంది. తెర ఇవతల జనం అవి వేటగాళ్ళ కేకలనుకుని చప్పట్లు కొట్టారు. గంగులు పరిగెత్తబోయి తెర తాళ్ళలో కాలు తగులుకుని బోర్లా పడ్డాడు. సింగన్న నోరు తెరిచాడు. "గు... గు... గు..." అక్కడే ఆగిపోయింది. మంట జానెడు పైకి పాకింది.

వరాలు మూడు అడుగుల దూరంలో ఉంది. ఆయనకు అరుపు వినపడదని అక్కడున్న వాళ్ళందరిలో ఆమెకొక్కదానికే తెలుసు. చెక్క ఎక్కితే మేళం పోతుందని, లేడి జన్మలో చేతికి రాదని కూడా తెలుసు. కూజా వదిలేసింది. అడుగుచెక్క మీదకు ఎగిరి దూకింది.

ధన్! ధన్! ధన్!

తాళంలో లేని మూడు దెబ్బలు. గురువు పాదాల కింద చెక్క అదిరింది. ఎవర్రా తాళం తప్పింది అని కోపంగా తిరిగాడు. తిరగ్గానే మంట చూశాడు. వరాలు ఆ ఉత్తరీయాన్ని ఒక్క గుంజు గుంజి ఇసుకలో పడేసి, ఒట్టి కాళ్ళతో తొక్కి ఆర్పేసింది.

అప్పటికి తెర ఇవతల ఏదో జరిగిందని అర్థమైంది. మహారాజు స్వయంగా తెర తొలగించుకుని వచ్చాడు. జరిగింది విన్నాడు.

"ఇంతమంది గొంతెత్తి అరిచారు. నువ్వెందుకు అరవకుండా చెక్క తొక్కావమ్మా?" అని వరాలును అడిగాడు.

వరాలు ఒక్క క్షణం గురువు వంక చూసింది. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"నాకు గట్టిగా పిలవడం చేతకాదు ప్రభూ" అంది. "అందుకని తొక్కాను."

గురువు ఆ మాట చూశాడు. అవును, చూశాడు. తల దించుకున్నాడు.

మోకాళ్ళు దులుపుకుంటూ గంగులు ముందుకు వచ్చాడు. వాడి గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు. "ప్రభూ, మేలు చేసిన పిల్లే, కాదనను. కానీ మా మేళానికి తాతల నాటి కట్టుబాటు ఉంది. చెప్పకుండా చెక్క ఎక్కితే ఆ పూటే వెళ్ళిపోవాలి. గురువుగారి మాటే చివరి మాట."

మహారాజు గురువుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏమంటారు ఓబులయ్యగారూ? ఈ అమ్మాయి వెళ్ళాలా, ఉండాలా?"

వరాలు అప్పుడే కాళ్ళకు అంటిన మసి తుడుచుకుని వెళ్ళిపోబోయింది. ఆమె చేతి మీద ఇంకో చెయ్యి పడింది. ముడతలు పడిన చెయ్యి. అది ఆమెను పట్టి మళ్ళీ చెక్క మీద నిలబెట్టింది. కిందపడిన లేడి బొమ్మను తీసి, దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టింది.

ఓబులయ్య గురువు మాత్రం చెక్క దిగి ఇసుకలో నిలబడ్డాడు. మీసాల చాటు నుంచి మాట సన్నగా మొదలై, ఆ తర్వాత కోట గోడల దాకా వినపడింది.

"ఏలినవారు మన్నించాలి. పన్నెండేళ్ళుగా నాకూ ఏమీ వినపడదు. మద్దెలను చెక్క మీద కూర్చోబెట్టి, ఈ పిల్లలాగే కాళ్ళతో విని బతుకుతున్నాను. చెబితే ఈ చెక్క మీద నిలబడనివ్వరని భయపడ్డాను. ఆ భయంతోనే నాలాంటి పిల్లను ఇసుకలో నిలబెట్టి లయ లేదన్నాను. వినపడకపోవడం ఏనాడూ నా ఆటను చెడగొట్టలేదు, ప్రభూ. దాన్ని దాచుకోవడమే నన్ను చెడగొట్టింది."