బుర్రా వారి బూరె తగవు

చెప్పిన నోటికి చలువ, ఊ కొట్టిన చెవికి చక్కెర. అనగనగా వెలగకుదురులో బుర్రా వారి ఇల్లు. "లోకంలో అందరికీ బుర్ర తలలో ఉంటుంది, మనకు ఇంటిపేరులోనే ఉంది" అని ఆ ఇంటి పెద్దకూతురు నాంచారమ్మ అనేది. మీసముంటే మెలివేసేదే.

అందరూ కలిసి రాసే అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఆవిడ తమ ఊరికొక పేజీ పెట్టింది. "ఈ ఊరి బూరెలను మొట్టమొదట వండినది మా మామ్మ సీతాయమ్మ" అని రాసింది. మామ్మ పేరు లోకమంతా చదవాలి. ఆవిడ కోరికల్లా అదొక్కటే.

పెద్ద తమ్ముడు గవర్రాజు అదే వంటకు ఇంకో పేరు పట్టుకుని "బూరెలు కావు, సుఖియలు" అని దిద్దాడు. చిన్న తమ్ముడు భీమరాజు దాన్ని చెరిపి మళ్ళీ "బూరెలు" అన్నాడు. ఇంకేముంది, పేజీ కాస్తా పెనం మీది అట్టులా అటూ ఇటూ తిరిగింది.

అక్కడి నిర్వాహకుడు అది చూశాడు. ఎదుటివారి దిద్దుబాటును చెరిపి పాతది తేవడాన్ని వాళ్ళు తిరగ్గొట్టడం అంటారు. "మూడుసార్లకు మించి ఎవరూ తిరగ్గొట్టరాదు" అని నియమం రాశాడు.

"మూడు దాకా కొట్టవచ్చట!" అన్నాడు గవర్రాజు. అంతే, భీమరాజు వీపు మీద మూడు పడ్డాయి. భీమరాజు తిరిగి మూడు కొట్టాడు. నాలుగోదానికి లేచిన చేతిని నాంచారమ్మ పట్టుకుంది. "ఒరేయ్, నియమం!"

మర్నాడు ఇంకో నియమం: "తగవులో తటస్థంగా ఉండండి."

"తటమంటే గట్టు. గట్టు మీద ఉండమంటున్నాడ్రా" అని నాంచారమ్మ అర్థం చెప్పింది. అంతే, ముగ్గురూ పొద్దుగూకేదాకా పంటకాలువ గట్టున నిలబడ్డారు.

"దోమలు కుడుతున్నాయే అక్కా."

"కొట్టకురా. నీకు మూడూ అయిపోయాయి."

మూడోనాడు "రాసినదానికి మూలాలు చూపండి" అని వచ్చింది. మూలమంటే చెట్టు వేరే కదా! గవర్రాజు పెరట్లోని కరివేపాకు చెట్టును పెళ్ళగించి తెచ్చి కంప్యూటరు తెర ముందు పట్టుకున్నాడు. "కనబడుతున్నాయా బాబూ? ఈ సన్నవి కూడా చూడండి."

ఆ తెర మీదే ఇంకో మాట కనబడింది: "ఈ వ్యాసం ఇంకా మొలక. పెంచండి."

"అయ్యో, వేళ్ళు చూపించాం గానీ నీళ్ళు పొయ్యలేదు!" అని నాంచారమ్మ కంప్యూటరు మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. ఇంకేముంది, అది చిటచిటమని ఆరిపోయింది.

చివరికి భీమరాజు ఫోనులో కబురు చూశారు: "మూలాలు చూపనందున వెలగకుదురు వారంలో తొలగించబడును."

నాంచారమ్మ గొల్లుమంది. "ఊరినే తీసేస్తే మన మామ్మ పేరెక్కడుంటుందిరా!"

"ఏడవకే అక్కా. వాళ్ళు తీసేలోపు మనమే తీసుకుపోదాం" అన్నాడు భీమరాజు.

ఊరంతా బండిలో పట్టదని గవర్రాజు దిగులుపడ్డాడు. "ఊరంటే పేరేగా" అంది నాంచారమ్మ. అంతే, పొలిమేరలో ఊరి పేరున్న పలకను పీకి, మామ్మ బూరెల మూకుడుతో సహా బండిలో వేసి, పైన గోనెపట్టా కప్పారు.

ఇంతలో ఆ నిర్వాహకుడికే జాలి కలిగింది. ఊరి పలకను ఫోటో తీసి తానే మూలంగా చూపుదామని బస్సెక్కి వచ్చాడు. పొలిమేరలో రెండు గుంటలు తప్ప ఏమీ లేదు. ఎదురుగా బండి వస్తోంది.

"అమ్మా, వెలగకుదురు ఎక్కడండీ?"

నాంచారమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గట్టిగా అనకండి బాబూ! తొలగించేవాడెవడో తిరుగుతున్నాడట. ఊరిని ఈ గోనెపట్టా కింద దాచాం."

ఈ కథకు మూలం మా అమ్మమ్మ కనకవల్లి తాయారు. వేళ్ళు చూపించమని మాత్రం అడగకండి.