మంగతాయి తాగని కషాయం

కొల్లేటి పక్క జమ్ము పొదల్లో దోమల్ని చూడాలి బాబూ, ఒక్కొక్కటి కందిగింజంత! గేదెలకి కంటిమీద కునుకుండేది కాదు. అదే అదనుగా నక్క సోమలింగం ఏవో ఆకులు మరిగించి కషాయం కాచాడు. దాని వాసనకే దోమ పారిపోతుంది, తాగితే ఒంటి దరికి రాదన్నాడు. ప్రతిఫలంగా ఈనిన ప్రతి గేదె జున్నుపాలూ తనకే పోయాలట.

అక్కడో పాడు ఆచారం ఉంది. ఏ కొత్త మందైనా ముందు కడుపుతో ఉన్న కుందేలు తాగాలి. పిల్లలు సరిగ్గా పుడితేనే చూడిగేదెలు తాగుతాయి. ఈసారి వంతు మంగతాయిది.

పాపం, మంగతాయికి మేత సయించడం లేదు. కిందటిసారి తాగిన అక్కకి కాళ్లులేని పిల్లలు పుట్టాయి. చచ్చిన పిల్లల్ని అక్క నాకుతూనే కూర్చుంది. అది తలుచుకుంటే మంగతాయి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఆగలేక తాబేలు తాత దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నా పిల్లల్ని బతికించు!"

"ఏడవకమ్మా. ఏ పుట్టలో ఏ పాముందో చెయ్యి పెట్టే చూడక్కర్లేదు. ఇటు రా."

తాత చూపించిన పళ్లెంలో ఆవగింజంత ముద్ద ఒకటి టుక్కు టుక్కుమని కొట్టుకుంటోంది.

"గౌరమ్మ గేదె ఈనినప్పుడు రాలిన మాయలోంచి గోరంత ముక్క తెచ్చా. అందులో జీవకణాల్ని పెంచితే, కడుపులో బిడ్డకి గుండె కట్టినట్టే ఇక్కడా కట్టింది. దీనికి బాధ తెలీదు. విషం పడితే మాత్రం ఆగిపోతుంది."

పొద్దున్నే గేదెలన్నీ చేరాయి. సోమలింగం పెద్ద కుండతో వచ్చాడు. ముందు పళ్లెంలో ముద్ద మీద వేసి చూద్దామన్న తాత మాట విని పకపకా నవ్వాడు.

"పళ్లెంలో ముక్కకేం తెలుసు అత్తా?"

"కుందేలు కడుపు వేరు, నా కడుపు వేరు. ఆ ముక్క నాది. దాని మాట వింటా, ఓ చుక్క వెయ్యి!" అంది గేదెల పెద్ద గౌరమ్మ.

సోమలింగం మొలకి కట్టుకున్న సొరబుర్ర తీసి, అందులోంచి ఓ చుక్క వేశాడు. టుక్కు, టుక్కు, టుక్కు. ఆగలేదు!

"చూశారుగా! ఇక ఆచారం ప్రకారం కుండలోది తాగవే మంగతాయీ!"

తాత పళ్లెం కూడా తనని వదిలేసిందనుకుంది మంగతాయి. కళ్లనీళ్లతో కుండ మీదికి వంగింది. చిత్రం, అక్కడ ఒక్క దోమా లేదు. తలెత్తి చూస్తే సోమలింగం చేతిలో బుర్ర నిండా దోమలు ముసురుకుని ఉన్నాయి.

"అత్తా!" అని కీచుమని అరిచింది. "కుండ దగ్గర దోమ లేదు, బుర్ర మీద కాపురం పెట్టాయి! బుర్రలోది కషాయం కాదు!"

గౌరమ్మ బుర్ర వాసన చూసింది. "ఉత్త చెరువు నీళ్లు! తాతా, కుండలోది వెయ్యి."

తాత వేశాడు. టుక్కు... టు...

అంతే. ఆగిపోయింది. గౌరమ్మ పళ్లెంలోకి వంగి చూసింది. చూడిగేదెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి.

"కాస్త ఘాటెక్కువైనట్టుంది, అత్తా..." అని నసిగాడు సోమలింగం.

"తెలిసే బుర్ర తెచ్చావుగా, వెధవా! ఇకమీద ఏ కుందేలూ ఏ మందూ తాగదు," అని గౌరమ్మ కొమ్ములు దించింది. సోమలింగం కుండా బుర్రా వదిలేసి ఒకటే పరుగు. మంగతాయి మాత్రం అక్కడే కూలబడి, పొట్టని కాళ్ల మధ్య దాచుకుంది.

నీతి: పరీక్షకి ఒకటి, వాడకానికి ఒకటి ఇచ్చేవాడి మందు గడప తొక్కనివ్వకు.